తలుపు మీద లేని మరక

కోర్టు నోటీసు చేతికి అందినవాడు భయపడతాడు. అందనివాడు నిశ్చింతగా నిద్రపోతాడు. ఈ ఇద్దరిలో జాలిపడవలసింది రెండోవాడి మీద. ఎందుకంటే వాడి మీద వ్యాజ్యం నడుస్తుంది, వాడు హాజరు కాలేదని నమోదవుతుంది, తీర్పు వస్తుంది. ఇంత జరిగినా వాడికి తెలిసేది సామాను వీధిలో పడ్డ రోజునే.

బంకయ్య ఉద్యోగం ఆ నోటీసులు అందించడమే. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉండేది కానీ, ముప్పై నాలుగేళ్ళుగా ఆయన్ని కోర్టులో అందరూ బంకయ్య అనే పిలిచారు. ఇంటివాళ్ళు దొరకకపోయినా, కాగితం పుచ్చుకోమని మొండికేసినా, దాన్ని తలుపుకు అతికించి రావాలని నియమం. అతికించడం చూశామని ఇరుగుపొరుగులో ఇద్దరు సంతకం పెట్టాలి. అందుకని ఆయన సంచిలో ఎప్పుడూ ఒక రేకుడబ్బా, అందులో మైదా ఉడికించిన బంక, కుచ్చు ఊడిన ఒక బ్రష్షు ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నానికల్లా ఆ బంక పులిసి, మూత తీయకముందే కంపు కొట్టేది. "నోటీసు సంగతి దేవుడెరుగు, బంకయ్యా, నీ రాక మాత్రం మూడు వీధుల అవతలికే అందుతుంది" అని ప్లీడరు గుమాస్తాలు ముక్కు మూసుకుని నవ్వేవారు. ఆయన కూడా నవ్వేవాడు.

ఆరేళ్ళ క్రితం వరకు ఆయన మంచివాడని ఎవరూ అనలేదు. చేయి తడిపినవాళ్ళ ఇల్లు ఆయనకు ఎన్నిసార్లు తిరిగినా కనిపించేది కాదు. తడపనివాళ్ళ ఇల్లు కళ్ళు మూసుకున్నా కనిపించేది. అలాంటి రోజుల్లోనే ఒకనాడు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు మంచం దిగలేదు. అప్పటిదాకా భార్య ఒక్కతే వెళ్ళే చర్చి నుంచి మనుషులు వంతులు వేసుకుని వచ్చారు. ఒకరు పక్క మార్చారు, ఒకరు గెడ్డం గీశారు, ఒకరు పక్కన కూర్చుని ప్రార్థన చేశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తన మలం ఎత్తి పారబోయడం చూసి ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనది. లేచి నడవగలిగాక బాప్తిస్మం తీసుకున్నాడు, లంచం మానేశాడు. అదీ నిజమే.

చిక్కంతా ఆ తర్వాత మొదలైంది.

ఆ సంఘంలో ఏడాదికొకసారి ఒక శనివారం సాయంత్రం కృతజ్ఞత కూడిక జరుగుతుంది. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పుకుంటారు, దాన్నే సాక్ష్యం అంటారు. మొదటి ఏడు బంకయ్య మైకు ముందు వణుకుతూ నాలుగు ముక్కలు చెప్పి కూలబడ్డాడు. రెండో ఏటికి నాలుగు ముక్కలు పది నిమిషాలయ్యాయి. ఐదో ఏటికి ఆ సాక్ష్యానికి ఒక కొలత, ఒక ఎత్తుపల్లం కుదిరాయి. గొంతు ఎక్కడ పూడుకుపోవాలో గొంతుకే తెలిసింది. "నేను అబద్ధాల మీద బతికినవాణ్ణి! నా రెండు చేతులూ అబద్ధాలే రాశాయి!" అని ఆయన రెండు అరచేతులూ ఎత్తి చూపే చోట ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవారు. పక్క ఊరి సంఘాలవాళ్ళు కూడా ఆయన్ని పిలిపించుకోవడం మొదలుపెట్టారు. ఒక పాపి తన పాపాన్ని ఇంత భద్రంగా దాచుకుని, ఇంత శ్రద్ధగా తుడిచి మెరుగుపెట్టి, ఏటేటా బయటికి తీసి చూపించడం చూస్తే, ఆ పాపాన్ని విడిచిపెట్టింది దేనికో అర్థం కాదు.

ఆ రెండు చేతుల మాట అక్షరాలా నిజమని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఇద్దరు పొరుగువాళ్ళ సంతకాల కోసం ప్రతి ఇంటి దగ్గరా బతిమాలడం ఎవరివల్ల అవుతుంది? "కోర్టు గొడవ మాకెందుకు బాబూ" అని జనం తలుపులు వేసుకునేవారు. ఉద్యోగంలో చేరిన ఏడే ఒక పాతకాపు ఆయనకు కిటుకు నేర్పాడు. మొదటి పొరుగువాడి సంతకం కుడిచేత్తో, రెండోవాడి సంతకం ఎడమచేత్తో. రెండు దస్తూరీలు వేరుగా ఉంటాయి, పేర్లు నోటికొచ్చినవి. బంకయ్య ఎడమచేయి త్వరలోనే కుడిచేతిని మించిపోయింది.

మారుమనస్సు పొందినప్పుడు ఆయన లంచాన్ని వదిలాడు కానీ ఎడమచేతిని వదల్లేదు. లంచం పాపమని ఆయనకు తెలుసు. ఎడమచేతి సంతకం పాపమన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. అది పని.

కిందటేడు కృతజ్ఞత కూడిక ఉన్న శనివారం కోర్టు సగంపూటే. అయినా సోమవారానికి అందించినట్టు నివేదిక ఇవ్వవలసిన సమన్లు ఒకటి ఆయన సంచిలో మిగిలిపోయింది. ఒక మేడలో నాలుగో అంతస్తు గదిలో అద్దెకుండే కుట్టుపని చేసే ఆవిడకు, గది ఖాళీ చేయమని ఇంటి యజమాని వేసిన దావా. మేడ ఊరికి ఆ చివర, చర్చి ఈ చివర. కుర్చీలు వేయించాలి, మైకు సరిచూడాలి, ఆయన సాక్ష్యం మూడోది. ఆయన కోర్టు గోడ పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చుని నివేదిక రాశాడు. 'తలుపు మూసి ఉండగా, పిలిచినను ఎవరును పలుకనందున, ఇద్దరు ఇరుగుపొరుగువారి సమక్షమున తలుపునకు అతికించితిని.' కుడిచేత్తో ఒక పేరు, ఎడమచేత్తో ఒక పేరు. సమన్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టీ గ్లాసు కింద తడి తుడిచాడు.

మూడున్నరకి చర్చిలో ఉన్నాడు. ఆ సాయంత్రం ఆయన అరచేతులు ఎత్తినప్పుడు పాస్టరుగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

ఏడు నెలల తర్వాత ఆ గది ఖాళీ చేయించమని కోర్టు ఉత్తర్వు వచ్చింది. దాన్ని అమలు చేసేవాళ్ళకు తోడుగా హెడ్‌గుమస్తా బంకయ్యను పంపాడు. "నువ్వు వెళ్ళొచ్చిన ఇల్లేగా, దారి చూపించు" అన్నాడు. ఆ మేడ గుమ్మం దగ్గర నిలబడి బంకయ్య కిందనున్న చెప్పుల కొట్టువాణ్ణి అడగవలసి వచ్చింది, కుట్టుమిషను ఆవిడ ఎన్నో అంతస్తని.

తలుపు నీలం రంగుది. ఆవిడే వేసుకున్నట్టుంది, అంచుల దగ్గర బ్రష్షు గీతలు తెలుస్తున్నాయి. లోపల ఒక మంచం, ఒక మిషను, దండెం మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు. ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి, మెడలో కొలతల టేపు. మొదట ఆవిడకు విషయం అర్థం కాలేదు. అర్థమయ్యాక ట్రంకుపెట్టెలోంచి రసీదులు తీసి చూపించింది. "ఒక్క నెల ఎగ్గొట్టలేదు. ఏ కోర్టు? ఎప్పుడు పిలిచారు నన్ను?"

వచ్చిన అధికారి బంకయ్యవైపు చూశాడు. బంకయ్య నకలు తీసి తన నివేదిక తనే చదివాడు.

ఆవిడ విని, లోపలికి వెళ్ళకుండా, తలుపు దగ్గరికి వచ్చింది. దాన్ని బార్లా తెరిచి, పైనుంచి కిందిదాకా అరచేత్తో తడిమింది.

"నా తలుపుకి బంక మరకేదయ్యా?"

"గాలికి ఊడిపోయుంటుందమ్మా."

"కాగితం ఊడుతుంది. బంక కూడా ఊడుతుందా? మాటకైనా అతుకు ఉండాలిగా!"

ఆయన నకలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మనుషులు సామాను దించడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు మలుపులో మిషను చేతులు జారి, మెట్టుకు మెట్టుకు కొట్టుకుంటూ దొర్లిపోయింది. ఆవిడ అరవలేదు. దాని వెనకాలే దిగి, విరిగిన చక్రం రెండు ముక్కలూ ఏరి కొంగులో వేసుకుంది.

ఆ రోజు నుంచి బంకయ్యకు తన బంక కంపు తనకే పట్టుకుంది. డబ్బా పారేశాడు, కొత్తది కొన్నాడు. సబ్బు అరిగిపోయేలా చేతులు కడిగాడు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చాక చేతివేళ్ళ కంపుకు మళ్ళీ కంచంలో పెట్టేసేవాడు. ఆదివారం పాటల్లో చేతులెత్తమంటే ఎత్తలేకపోయాడు. అంతకంటే ఘోరం, చుట్టూ ఎత్తిన చేతులన్నీ చూస్తే కూడా అలాగే కంపు కొట్టేది. ఈ చేయి ఏం రాసి వచ్చిందో, ఆ చేయి ఎవరి తలుపు దాటేసి వచ్చిందో అనిపించేది. తన కుళ్ళు తనకు తెలిసిన కొద్దీ లోకమంతా కుళ్ళిందని నమ్మడం మనిషికి ఒక ఊరట. ఆ ఊరట ఆయన కొన్ని వారాలు అనుభవించాడు.

కుట్టుపని ఆవిడ మాత్రం ఊరుకోలేదు. ఒక దూరపు చెల్లెలి ఇంటి వసారాలో తల దాచుకుంటూనే, తనకు సమన్లు అందనేలేదనీ, తాను లేకుండా ఇచ్చిన తీర్పును కొట్టివేయాలనీ అర్జీ పెట్టింది. చట్టం అటువంటివాళ్ళకు ఇచ్చే గడువు బహు చిన్నది. ఆవిడ ఆ గడువులోనే వచ్చింది. నోటీసు అందించిన ఉద్యోగిని విచారించాలని కోర్టు గురువారానికి వాయిదా వేసింది. బంకయ్య పదవీ విరమణకు ఐదు నెలలుంది. కృతజ్ఞత కూడిక ఆ గురువారం తర్వాతి శనివారమే.

హెడ్‌గుమస్తా ఆయన్ని బీరువాల వెనక్కి పిలిచాడు.

"ఏమయ్యా, మొహం అలా వేలాడేశావేం? ఏముంది అక్కడ చెప్పడానికి? 'అతికించానండి. రోజుకి ఇరవై అతికిస్తానండి. ప్రత్యేకంగా జ్ఞాపకం లేదండి.' మూడు వాక్యాలు. చిలక కూడా పలుకుతుంది."

"నేను వెళ్ళలేదు సార్."

"తెలుసు."

బంకయ్య తెల్లబోయి చూశాడు.

"అట్లా చూడకు. ఎవడు వెళ్తాడయ్యా నాలుగంతస్తులు? నువ్వొకడివి నిజం చెప్పావనుకో, ముప్పై ఏళ్ళ ఫైళ్ళు లేచి కూర్చుంటాయి. నీ పెన్షను పోతుంది, నా ప్రమోషను పోతుంది, కోర్టు పరువు పోతుంది. ఆవిడకి ఒక గది కోసం ఇంతమందిమి పోవాలా?"

అక్కడినుంచి బంకయ్య పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. చర్చి వెనక గదిలో పాస్టరుగారు శనివారం కూడిక కోసం పాటల వరుస రాసుకుంటున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. బంకయ్య మంచంలో ఉన్న రోజుల్లో గెడ్డం గీసింది ఆయనే. అంతా విన్నారు. కలం మూత పెట్టారు.

"దేవుడి దగ్గర ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నానండి."

"క్షమించాడు. ఇక తవ్వకు."

"ఆవిడ వసారాలో ఉందండి."

"ఆవిడ కోసం ప్రార్థన చేద్దాం. నేనూ చేస్తాను. కానీ తమ్ముడూ, ఒక్కటి ఆలోచించు. నీ సాక్ష్యం విని ఎంతమంది తాగుడు మానేశారు! రేపు వాళ్ళకి తెలిస్తే? ముప్పై ఏళ్ళ కిందటి పాపం చెప్పుకుంటే సాక్ష్యమవుతుంది. మొన్నటి పాపం చెప్పుకుంటే కేసవుతుంది."

ఆ మాట చెప్పి ఆయనే చిన్నగా నవ్వారు. బంకయ్య అసహ్యంతో మొహం తిప్పుకున్నాడు. ఎదుటివాడి మాటకు కాదు. ఆ మాట తన మనసులో నెలలుగా కూర్చున్న మాటే కావడం వల్ల.

ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. మొదట పెన్షను గురించి అంటుందనుకున్నాడు. చివరిదాకా విని, చేతిలో చొక్కా పక్కన పెట్టింది.

"ఏ శనివారం? కిందటేడు మీటింగు శనివారమా?"

"ఆఁ."

"ఆ రోజు నేను మొదటి వరసలో కూర్చుని ఏడ్చానండీ. పక్కావిడ రుమాలు ఇస్తే అదీ తడిపాను. మా ఆయన్ని దేవుడు బాగుచేశాడని చెప్పుకున్నాను." ఆవిడ మొహం చేదు తిన్నట్టు ముడుచుకుంది. "నా ఏడుపు నాకిచ్చేయండి."

"ఎట్లా ఇవ్వను?"

"అది మీకే తెలియాలి. నన్నడగొద్దు." చొక్కా మళ్ళీ తీసుకుని, మడత విప్పి, ఇంకోసారి మడతపెట్టింది. ఆ తర్వాత మళ్ళీ ఆ ఊసెత్తలేదు, ఆయనతో మాట్లాడటమే మానేసింది.

గురువారం కోర్టు హాలు కిక్కిరిసింది. ఎవరికీ ఈ కేసు మీద ఆసక్తి లేదు. ప్రతివాడూ తన పిలుపు కోసం వచ్చినవాడే. కుట్టుపని ఆవిడ గోడవార బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బంకయ్య బోనెక్కి ప్రమాణం చేశాడు. యజమాని తరఫు ప్లీడరు ఫైలులోంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఆ రోజు మీరు సమన్లు తలుపుకి అతికించారు. అవునా?"

మూడు వాక్యాలు నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. ఇంత సులువుగా ఉన్నాయేమిటని ఆయనకు అసహ్యం పుట్టింది.

"లేదండి."

ప్లీడరు తలెత్తాడు. "జ్ఞాపకం లేదంటున్నారా?"

"బాగా జ్ఞాపకం ఉందండి. నేను ఆ మేడ ఎక్కలేదు."

"మరి ఈ ఇద్దరు పొరుగువాళ్ళ సంతకాలు?"

"పైది కుడిచేత్తో, కిందది ఎడమచేత్తో నేనే పెట్టానండి. ఆ పేర్లవాళ్ళు ఎవరూ లేరు."

టైపిస్టు వేళ్ళు ఆగాయి. జడ్జిగారు కళ్ళజోడు తీసి ఆయన్నే చూశారు. "ఆ సమయంలో మీరెక్కడున్నారు?"

"చర్చిలోనండి."

"ఏం చేస్తున్నారు?"

"అబద్ధాలు మానేశానని సాక్ష్యం చెప్తున్నానండి."

హాలు పగలబడి నవ్వింది. వెనక గుమాస్తాలు ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. బంట్రోతు కూడా నవ్వి, ఆ తర్వాత గుర్తొచ్చి "సైలెన్స్!" అన్నాడు. బంకయ్య చెవులు మండిపోయాయి. నవ్వనిది ఒక్క కుట్టుపని ఆవిడ.

"ఇలా ఇంతకుముందు కూడా చేశారా?" అన్నారు జడ్జిగారు.

"చేశానండి. చాలా."

హెడ్‌గుమస్తా తలుపు దగ్గర గోడకు అతుక్కుపోయాడు. ఆ 'చాలా' అన్న మాట వెనక ఎన్ని తీర్పులున్నాయో జడ్జిగారికి తోచి ఉండాలి. "ఈ కేసు వరకే చెప్పండి, చాలు" అని కళ్ళజోడు పెట్టుకున్నారు. న్యాయస్థానం తన చెవులు తానే మూసుకోవడం ఇంత మర్యాదగా జరుగుతుంది.

సాయంత్రానికి తీర్పు కొట్టివేశారు. ఆవిడ జవాబు దాఖలు చేసుకోవడానికి ముప్పై రోజులు. బంకయ్య మీద శాఖాపరమైన విచారణ, అంతవరకు సస్పెన్షను.

మెట్ల దగ్గర ఆయన ఆవిడకు ఎదురువెళ్ళాడు. "అమ్మా, తప్పు చేశాను. క్షమించు" అని చేతులు జోడించబోయి, ఆ చేతులు చూసుకుని దించేశాడు.

"క్షమాపణ సంగతి నాకిప్పుడు తెలీదన్నా" అంది ఆవిడ. "నా గది ఇంకా నాకు రాలేదు. యజమాని అందులో ఎవరినో పెట్టాడట. నాకు ముప్పై రోజులుంది, ముందు నా జవాబు నన్ను రాయించుకోనివ్వండి." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది. "మీరు అవునంటారనుకున్నాను. ఇంటికెళ్ళి ఏమని తిట్టుకోవాలో కూడా అనుకుని వచ్చాను." అని వెళ్ళిపోయింది.

శుక్రవారం పాస్టరుగారు ఇంటికే వచ్చారు. మొహం వెలిగిపోతోంది. కోర్టు కబురు ఊరంతా తిరిగింది. నవ్వినవాళ్ళే ఇప్పుడు మెచ్చుకుంటున్నారు.

"తమ్ముడూ! పెన్షను కూడా లెక్కచెయ్యకుండా నిలబడ్డావట! రేపు నీదే మొదటి సాక్ష్యం. పక్క సంఘాలకీ కబురు పెట్టాను."

"నేను చెప్పనండి."

"అదేమిటి? దేవుడు ఇంత ధైర్యమిచ్చాడు, కృతజ్ఞత చెప్పవా?"

"ఆయనకి చెప్పుకున్నానండి. నిన్న మెట్ల మీదే చెప్పుకున్నాను. ఆవిడ నన్ను తలుపు దగ్గర ఆ ప్రశ్న అడిగినందుకు. అడగకపోతే నేనీపాటికి రేపటి సాక్ష్యం కోసం గొంతు సవరించుకుంటూ ఉండేవాణ్ణి."

"అద్భుతం! ఇదే చెప్పు. సంఘం బలపడుతుంది."

"ఆవిడ మిషను విరిగిందండి. దాన్నీ మైకులో చెప్పి ఏడిపించమంటారా?"

పాస్టరుగారు కుర్చీలో కదిలారు. లేవబోతూ, పక్కకు చూస్తూ, గొంతు తగ్గించి, "అదిసరే... ఇక తవ్వొద్దని ఆ రోజు నేనన్న మాట. అది మనలోనే ఉండనీ" అన్నారు.

ఉమ్మేయాలన్నంత రోత పుట్టింది బంకయ్యకు. పుట్టి, గొంతులోనే ఆగింది. ఆ తగ్గిన గొంతు, ఆ పక్కచూపు ఆయనకు కొత్తవి కావు. ముప్పై నాలుగేళ్ళు అద్దంలో చూసుకున్నవే. ఈ మనిషి తన గెడ్డం గీసిన మనిషి కూడా.

"నేను ఎవరికీ చెప్పనండి. మీరు చెప్పండి, అన్నా. రేపు మైకు మీ చేతిలోనే ఉంటుంది."

పాస్టరుగారు గుమ్మం దిగి వెళ్ళిపోయారు.

శనివారం మూడున్నరకి చర్చివైపు నుంచి పాటలు వినబడుతుండగా, బంకయ్య బల్ల ముందు తెల్లకాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. కోర్టు అడగకపోయినా, తాను వెళ్ళకుండా వెళ్ళినట్టు రాసిన ఇళ్ళ వివరాలన్నీ జ్ఞాపకమున్నంత మేరకు రాసి జడ్జిగారికి పంపుదామని. భార్య కూడికకు వెళ్ళలేదు. వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"ఎన్ని?"

"పేర్లు పదకొండు తేలాయి. ఇంకా ఉన్నాయి, తట్టడం లేదు."

"పేర్లు సరే. వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు?"

బంకయ్య మళ్ళీ కలం పట్టుకున్నాడు. వీధులు రాశాడు, ఇంటి నంబర్లు కొన్ని రాశాడు. ఏ ఇంటి గుమ్మం ఎటువైపో, ఏ తలుపు ఏ రంగుదో, లోపల ఎవరుంటారో ఒక్కటీ ఆయన చూడలేదు. కలం దించి, ఆ కాగితం జేబులో పెట్టుకుని, లేచి, చెప్పులు వేసుకున్నాడు.

"ఉండండి" అంది భార్య. "నేనూ వస్తాను."